నాలుగు బడులు

దీవిలో ఉన్న ఒక్క బడీ మూతపడ్డాక
నాలుగు బడుల అక్షరాలూ
మా వంటింటి బల్ల మీదికే వచ్చి కూర్చున్నాయి.

మంగళవారం ఫెర్రీలో దిగిన పార్సిల్‌లో
మూడు రకాల రాతలు, మూడు కాపీ పుస్తకాలు.
ఎగిరిపోకుండా
ఒకదాని మీద ఉప్పుడబ్బా, ఒకదాని మీద గొర్రెల కత్తెర,
మూడోదాని మీద గిబ్బీ మోచెయ్యి.
కిటికీ వేసే ఉంది.
షెట్లాండ్ గాలికి కిటికీతో పనిలేదు.

మొదటిది విడివిడి రాత.
ఏ అక్షరానికి ఆ అక్షరం ఎడంగా, మా ఇళ్ళలాగే.
పక్కింటి పొగ కనిపిస్తుంది గానీ దగ్గు వినిపించదు.
రెండోది గొలుసుకట్టు.
కలం ఎత్తకుండా మాట చివరిదాకా పోవాలి.
మా అమ్మ అల్లికా అంతే,
వరస మధ్యలో పిలిస్తే పలికేది కాదు.
మూడోది వాలురాత.
రెండో బడికీ నాలుగో బడికీ మధ్య ఎక్కడో
కుడివైపు కాస్త ఒరిగి,
అవసరమైన చోటే చెయ్యి కలుపుతూ,
వెనకనుంచి గాలి తోస్తుంటే నడిచే మనుషుల్లా.

మూడు వారాలు తేల్చలేకపోయాను.
నవ్వకండి.
పొట్టేలును కొన్నప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు.

ఓస్లాది ఎడమచెయ్యి.
గొలుసుకట్టు రాయమంటే
సగం వాక్యం కాగితం మీద, సగం అరచేతి అంచున.
గిబ్బీకి తన పేరు మొదట ఉన్న జీ తోకంటేనే ప్రాణం.
నీటికుక్క మునిగేటప్పుడు చివర ఎలా ఉంటుందో
అలా ఉండాలంటాడు.
ఏ కాపీ పుస్తకంలోనూ ఆ తోక లేదు.

బాబీ పిన్ని గుడ్లివ్వడానికి వచ్చి, చూసి,
"చదవగలిగితే చాలదా?" అంది.
రోడ్డు పక్కన ఆమె పెట్టే గుడ్ల పెట్టె మీది ధర
ఎవరికీ అర్థం కాక
తోచినంత వేసి పోతుంటారు.
లాభమే వస్తోందట.

అసలు చిక్కు నాతోనే.
ఏది నేర్పాలన్నా ముందు నేను రాయాలి కదా.
ఫెర్రీ ఆఫీసులో పదకొండేళ్ళు టికెట్లు రాసిన చెయ్యి ఇది.
నా ఆర్, నా ఎన్ కవలలు,
కన్నదాన్ని, నాకే పోలిక తెలీదు.
పిల్లలు పడుకున్నాక
సరుకుల చీటీ వాలురాతలో రాసి చూశాను.
పిండి. తాడు. బ్యాటరీలు.
కోడిగీతలు కాస్తా
కోడిపిల్ల గీతలయ్యాయి, అంతే.

లౌరీ ఇందులో ఒక్కమాట కలపలేదు.
పీతల పడవ మనిషి,
ఒకటో బడి దగ్గరే ఆగిపోయాడు.
ఏం రాసినా పెద్ద పెద్ద అక్షరాలు,
ఇంజిను చప్పుడులో అరిచి చెప్పినట్టు.
పెళ్ళికి ముందు రాసిన రెండు ఉత్తరాల్లో
ప్రేమ కూడా అలాగే అరిచి చెప్పాడు.

నిన్న అతని తడి కోటు ఆరేస్తుంటే
జేబులో లాగ్ పుస్తకం.
పద్నాలుగో తారీఖు దాకా అవే అరుపులు.
పదిహేను నుంచి గొంతు తగ్గింది.
"నైరుతి గాలి. ఆరు బుట్టలు ఖాళీ. ఇంటికి."
చిన్న చిన్న అక్షరాలు
కుడికి ఒరిగి, తడబడుతూ,
మధ్య మధ్య ఒకదాని చెయ్యి ఒకటి అందుకోబోయి
జారవిడుస్తూ.
జీ వచ్చిన ప్రతిచోటా
తోక నీళ్ళలో మునుగుతోంది.
అది పుస్తకంలోని తోక కాదు.
గిబ్బీది.

పడవలో ఏ వేళ కుదిరిందో,
ఎవరూ చూడకుండా ఎన్ని పేజీలు చించేశాడో,
నేను అడగలేదు.
పుస్తకాన్ని తడి జేబులోనే తిరిగి పెట్టేశాను.
ఉప్పుడబ్బా ఉప్పు దగ్గరికి,
కత్తెర కొట్టంలోకి వెళ్ళిపోయాయి.

పొద్దున్నే ఓస్లా అడిగింది, "మరి ఏది?"
"నాన్న రాసేది."
"నాన్నకి రాదుగా!"
"నాకూ రాదు. నలుగురం ఒకటే క్లాసు."

ఇంట్లో పెన్సిళ్ళు మూడే ఉన్నాయని
అప్పుడు చూసుకున్నాం.